చెల్లని నొక్కుళ్ళు

అపార్ట్‌మెంట్ కింద లాండ్రీ దుకాణం, దాని వెనక గది. ఇస్త్రీ బల్ల మీద ల్యాప్‌టాప్. దాని ముందు కోడలు, గుమ్మంలో అత్త.

"ప్రకటనల కంపెనీ ఉత్తరం మళ్ళీ చదువుతాను. ఈసారి మధ్యలో మాట్లాడకండి అత్తయ్యా. ‘మీ సైట్లో వస్తున్న ప్రకటనల మీద చెల్లని క్లిక్కులు పడుతున్నట్టు గుర్తించాం. మీ ఖాతా నిలిపివేశాం.’ విన్నారా?"

"చెల్లని అంటే?"

"దొంగ నొక్కుళ్ళు. కొనే ఉద్దేశం లేకుండా ఊరికే నొక్కడం."

"కొనే ఉద్దేశం లేకుండా నేను రోజూ పది కొట్లు తిరుగుతాను. నన్నెవడూ నిలిపివెయ్యలేదే!"

"మీరు తిరిగితే కొట్టువాడికి పోయేదేం లేదు. ఇక్కడ ఎవరు నొక్కినా ప్రకటన ఇచ్చినవాడి జేబుకి చిల్లు. అందులో నాకో వాటా. అందుకని నేనే నొక్కుకుంటున్నానని వాళ్ళ అనుమానం."

"నొక్కావా?"

"నేనెందుకు నొక్కుతాను అత్తయ్యా! దుకాణం పని చూసుకుంటూ, రెండేళ్ళు కూర్చుని నూట ఎనభై మరకలు వదిలించడం గురించి రాశాను. సిరా మరక, తుప్పు మరక, గ్రీజు మరక, గోళ్ళరంగు మరక. సొంత సైట్లో ప్రకటన మీద వేలు కూడా పెట్టకూడదని మొదటి రోజే చదివాను."

"అయితే ఇంకేం? నువ్వు నిప్పు. నిప్పుకి చెద పట్టదు. నేను వెళ్ళి దుప్పట్లు ఆరేస్తాను."

"దుప్పట్లు తర్వాత. ముందిలా కూర్చోండి. ఎక్కడి నుంచి నొక్కారో వాళ్ళు చెప్పలేదు. నా సైట్ లెక్కలు నేనే తీసి చూశాను. నొక్కుళ్ళలో ముప్పాతిక మూడొంతులు ఒకే అడ్రస్ నుంచి. ఏ అడ్రసో తెలుసా? మనదే."

"మన ఇంటి నంబరు వాళ్ళకెవడు చెప్పాడు?"

"ఇంటి నంబరు కాదు. ఇంటర్నెట్‌కి ఒక నంబరుంటుంది. మన వైఫై వాడేవాళ్ళందరూ బయటికి ఆ ఒక్క నంబరుతోనే కనిపిస్తారు. ఒకే గొడుగు కింద పదిమంది నడిస్తే మేడ మీద నుంచి చూసేవాడికి గొడుగే కదా కనిపించేది, అలాగ."

"అలాగైతే హాస్టళ్ళలో, ఆఫీసుల్లో వందమంది ఒకే గొడుగు కింద ఉంటారే! వాళ్ళంతా దొంగలేనా?"

"కాదు. అడ్రస్ ఒక్కటైనంత మాత్రాన దొంగ అనరు. ఇంకా నాలుగు వైపుల నుంచి చూస్తారు. నొక్కినవాళ్ళు వెళ్ళిన చోట కాసేపైనా ఉన్నారా, వెంటనే తిరిగొచ్చారా? రోజూ ఒకే వేళకి వస్తున్నారా? సైటు నడిపే మనిషి కూడా అదే అడ్రస్ నుంచి పని చేస్తోందా? అన్నీ కలిస్తే అప్పుడు పట్టుకుంటారు. మనకి అన్నీ కలిశాయి. ఇదిగో చూడండి, రోజూ నాలుగున్నరకి మొదలు, అయిదింటికి ఆఖరు. వెళ్ళడం, రెండు సెకన్లలో వెనక్కి రావడం. అత్తయ్యా, నాలుగున్నరకి మీరెక్కడుంటారు?"

"నేనా? నాలుగున్నరకా? మెట్ల మీద."

"ఎవరితో?"

"మెట్లతో."

"అత్తయ్యా!"

"పై అంతస్తు నర్సు ఉంటుంది. ఎదురింటి టీచరమ్మ, ఆవిడ తోడికోడలు. లిఫ్టు బాగుచేసే అతని భార్య. ఊరికే నాలుగు మాటలు చెప్పుకుంటాం."

"వాళ్ళ ఫోన్లలోకి మన వైఫై ఎలా వచ్చింది?"

"గాల్లో వచ్చేది కదా, దానంతటదే పోయుంటుంది."

"పాస్‌వర్డ్ గాల్లో పోదు."

"సరే, నేనే ఇచ్చాను. ఏం, అరిగిపోతుందా?"

"ఇచ్చి?"

"ఇచ్చి ఏముంది?"

"ఇచ్చి ఏం చెయ్యమన్నారు?"

"చదవమన్నాను. ‘మా కోడలు రాస్తుంది, ఇంత బాగా ఎవరూ రాయలేరు, చదవండి’ అన్నాను. అదీ తప్పేనా?"

"మీరా? మీరన్నారా? నా ముందు ‘ఈ మరకల పురాణం ఎవడు చదువుతాడే’ అంటారు కదా!"

"నీ ముందు పొగిడితే నెత్తికెక్కి కూర్చుంటావని."

"రెండేళ్ళలో ఒక్కసారి... సరే. పోనివ్వండి. చదవమన్నారు, బాగుంది. మరి నొక్కడం?"

"అది నీ మొగుడి మాట. ‘అమ్మా, ఆ ప్రకటన ఎవరైనా నొక్కితే నీ కోడలికి డబ్బులొస్తాయి’ అన్నాడు. ఎవరైనా అన్నాడు. మెట్ల మీద వాళ్ళు తప్ప అనలేదు."

"అందుకని అందరిచేతా నొక్కించారా?"

"పద్ధతిగా నొక్కించాను. వంతులు పెట్టాను. పైనొచ్చే ప్రకటనలు నర్సుకి, కిందొచ్చేవి టీచరమ్మకి, మధ్యలోవి మిగతా ఇద్దరికీ. టీచరమ్మ హాజరు కూడా వేసేది."

"హాజరా!"

"రానివాళ్ళు మర్నాడు రెండింతలు నొక్కాలి."

"కొంప ముంచారు కదా అత్తయ్యా!"

"ముంచాలని ముంచానా? నువ్వు ఆ ఆవిరిలో ఉడికి, తిండి వేళకి కూడా ఆ పెట్టె ముందే కూర్చుంటావు. నలుగురం తలో చెయ్యి వేద్దామనుకున్నాం. ఏడుస్తున్నావా?"

"లేదు."

"మరా ముక్కెందుకు ఎగబీలుస్తున్నావు?"

"బ్లీచు వాసన."

"వాళ్ళ ఫోన్ నంబరియ్యి. నేనే మాట్లాడతాను."

"వాళ్ళు ఫోన్లో దొరకరు. ఒక్కసారి వివరణ రాసుకోవచ్చు. ఒక్కటే సారి. దాంట్లో తేడా ఉందో, రెండేళ్ళ కష్టం బూడిదలో పోసినట్టే."

"అయితే నిజమే రాయి. ‘మా అత్తకి బుద్ధి లేదు’ అని రాయి."

"అలా రాయను."

"రాయవే! కావాలంటే కింద నేను సంతకం పెడతాను."

"‘మా వైఫై ఇరుగుపొరుగు వాడారు. నా మీద అభిమానంతో, తప్పని తెలియక నొక్కారు. ఆపించాను, పాస్‌వర్డ్ మార్చాను.’ ఇలా రాస్తాను. మీరెన్నిసార్లు నొక్కారో కూడా రాయాలి. మీ ఫోనివ్వండి."

"నా ఫోనెందుకు? నేను నొక్కింది ఒక్కటే."

"అందరిచేతా వందలు నొక్కించి మీరు ఒక్కటా?"

"మేస్త్రీ ఇటుకలు మోస్తాడా?"

"ఇవ్వండి అత్తయ్యా."

"ఛార్జింగ్ లేదు."

"వెలుగుతోంది కదా! ఇటివ్వండి. ఆ... నిజమే, ఒక్కటే ఉంది. మొన్న. కానీ రెండు సెకన్లు కాదే, నలభై నిమిషాలు! ఏదో ఫారం నింపారు. ఏం కొన్నారు?"

"కొనలేదు. ఉద్యోగం."

"ఎవరికి?"

"ఎవరికేమిటి, నాకే! నీ గ్రీజు మరక పక్కన పడింది ఆ ప్రకటన. ఇంట్లో కూర్చుని చేసే పని, వయసుతో సంబంధం లేదన్నారు. అక్కడికక్కడే పరీక్ష పెట్టారు."

"మీకు? పరీక్షా? ఏమడిగారు?"

"కొందరు ఒకే చోట చేరి, ఏకమై దొంగ నొక్కుళ్ళు నొక్కుతుంటే ఎలా కనిపెడతావని."

"అమ్మో! మీరేం రాశారు?"

"ఉన్నదున్నట్టు రాశాను. వేళ, వంతులు, హాజరు పట్టీ. పేర్లు మాత్రం రాయలేదులే. అది రాస్తుంటేనే తెలిసింది, మేం చేస్తున్నది ఇదేనని. ఆ రోజు నుంచి మెట్ల మీద కూర్చోవడం మానేశాను. నీకెలా చెప్పాలో తెలియక ఆరిన దుప్పట్లే మళ్ళీ ఆరేస్తున్నాను."

"మరి పరీక్ష?"

"నూటికి తొంభై ఆరు. ‘ఈ రంగంలో మీకు మంచి అనుభవం ఉన్నట్టుంది’ అని రాశారు. సోమవారం చేరమన్నారు."

"ఎవరు చేరమన్నారు? ఏ కంపెనీ?"

"నీకా ఉత్తరం రాసినవాళ్ళే. వచ్చిన వివరణలు చదివి, ఔనో కాదో చెప్పాలట."

"అత్తయ్యా! అంటే నా వివరణ మీ దగ్గరికే..."

"అందుకే చెబుతున్నాను, ఇవాళే పంపెయ్. సోమవారం దాటి నా చేతికొచ్చిందంటే, నేను ఒప్పుకోను."