తిట్టినవాడే సాక్షి

స్ఫాక్స్ అనే అరబ్బు ఊరి గ్రంథాలయంలో వికీపీడియా శిక్షణ జరుగుతోంది. రిటైరైన లెక్కల టీచరుకి ఆమె పాత శిష్యురాలే నేర్పుతోంది.

"టీచర్, మీ ఉచిత లెక్కల పుస్తకం మీద మీరు పెట్టిన వ్యాసం రేపు సాయంత్రానికి తీసేస్తారట."

"ఎందుకూ? ఎవరైనా దించుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని రాశాగా!"

"అరబ్బు లోకానికే వెలుగు అని కూడా రాశారు. ఆధారం అడిగితే మీ బ్లాగే చూపించారు."

"ఆ పుస్తకం గురించి నాకంటే బాగా ఎవరికి తెలుసే?"

"పెళ్ళికూతురి అందానికి వాళ్ళమ్మ సాక్ష్యం చెల్లదు టీచర్! బయటివాళ్ళెవరూ పేపర్లో రాయలేదా?"

"పక్క బడి టీచరు లజ్‌హర్ రాశాడు. ఊరికే ఇచ్చినా దండగేనని అరపేజీ ఏకాడు."

"అబ్బ, బ్రహ్మాండం! అదే ఆధారంగా పెడదాం, వ్యాసం బతుకుతుంది."

"నా వ్యాసంలో వాడి తిట్లా?"

"తిట్టైతేనేం, బయటివాళ్ళదేగా. మీ వెలుగు మాత్రం ఆర్పేస్తున్నా."

"బళ్ళో నీకు సున్నాలేసిన పగ తీర్చుకుంటున్నావే!"

"కొంచెం. ఇంతకీ ఆ పేపరు తేదీ కావాలి. పాత కట్టల్లో వెతకాలేమో."

"అక్కర్లేదులే. ఆరేళ్ళుగా నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. చెప్తా, రాసుకో."