హొన్నూరమ్మ కార్డు

బళ్ళారి దగ్గర కప్పగల్లులో ప్రభుత్వ కాగితాలు చేసిపెట్టే చిన్న గది. లోపల కంప్యూటరు ముందు మౌనేష్. కిటికీ బయట, ఈమధ్యే చనిపోయిన హొన్నూరమ్మ ఇద్దరు కోడళ్ళు రాజశ్రీ, సుంకమ్మ. వాళ్ళకు కాస్త ఎడంగా, గోడ పక్కన ఎండలో, సంచి పట్టుకుని కూతురు హంపమ్మ.

"ఎప్పుడు పోయిందంటివమ్మా మీ అత్త?"

"రేషన్ యిచ్చిన రోజే మౌనేషప్పా. ఎండలో లైన్లో నిలబడి వేలు పెట్టొచ్చె. బియ్యం సంచి వసారాలో దించె. రాజశ్రీ, నీళ్ళియ్యే అనె. నేను చెంబు తెచ్చేలోపల గోడకు ఒరిగిపోయిండె."

"చెంబు తెచ్చింది నువ్వా అక్కా? హంపమ్మ వదినె గదా తెచ్చింది?"

"ఎవురు తెస్తే ఏందిలే సుంకమ్మా. పోయిన మనిషి తాగిందా యేమన్నా?"

"తాగలే."

"ఎవురమ్మా ఎనకనుంచి మాట్లాడింది?"

"మా ఆడబిడ్డలేప్పా, హంపమ్మ. మా ఆయన్లకు అక్క. ఆమెతో పనేముండాది, నువ్వు కార్డు చూడు. చచ్చిపోయిన సర్టిఫికెట్ తెచ్చినాం, ఆధార్లు తెచ్చినాం. మా అత్త పేరు తీసి నా పేరు పెట్టెయ్యి. పెద్ద కోడలు నేనే."

"ఉండమ్మా. ఈ సుంకమ్మ నిన్ను అక్కా అంటాండాది. చూస్తే నువ్వే చిన్నగా కనపడ్తాండావు?"

"చిన్నదేప్పా. మా బావ ఎర్రప్ప మొదటి పెండ్లాం పోయినంక ఈమెను చేసుకునె. వరసకు అక్క. నా పెండ్లిలో ఈమె లంగా కట్టుకోని బంతిలో కూచోని తినిపాయె. ఇప్పుడు నేను అక్కా అంటాండా."

"వరసంటే వరసే సుంకమ్మా. ఇంట్లో శుభమైతే మొదలు బొట్టు ఎవురికి పెడ్తారు? నాకు."

"బొట్టు నీకే పెట్టనీలే రాజశ్రమ్మా. కార్డు కత వేరే. చట్టంలో వరస లేదు, వయసుండాది. కార్డులో ఉండే ఆడోళ్ళలో వయసుకు ఎవురు పెద్దో ఆమే ఇంటికి పెద్ద. నేను రాసేది కాదు, కంప్యూటరే తీసుకుంటాది."

"విన్యావా అక్కా? ఎవురు రాసిరో గానీ ఆ చట్టం, వాళ్ళ కడుపు సల్లగుండ."

"చట్టానికేం తెలుసు మా ఇంటి సంగతి? సరే మౌనేషప్పా, ఒక మాట చెప్పు. ఇంటి ఆడోళ్ళకు గవర్మెంటిచ్చే గృహలక్ష్మి దుడ్లు గూడ ఆ పెద్దైనామె ఖాతాలోకే వస్తాయంట గదా?"

"వస్తాయి. నెల నెలా."

"అందుకేప్పా మా అక్క పొద్దున్నే తలకు పోసుకోని వచ్చింది."

"నువ్వు మాత్రం మొన్నటి చీరతోనే వచ్చినావా సుంకమ్మా? అది పండగ చీర గదా?"

"కొట్లాడద్దండమ్మా, ఎనక జనం ఉండారు. అయ్యేదాకా చూస్తాం."

"ఏమయ్యేది? ఇంతసేపు ఏం చేస్తాంటివి మరి?"

"తిరుగుతాండాది సుంకమ్మా."

"ఏంది తిరిగేది?"

"సర్వరు. ఇదో, ఈ చక్రం చూడు. ఇది ఆగితే పేర్లొస్తాయి."

"నిన్న గూడ ఇదే చక్రమే గదప్పా. మొన్న వస్తే కరెంటు లేదంటివి. అంతకుముందు వస్తే ఇంకా తెరవలేదంటివి. మా ఆయన కోదండ పని యిడిసిపెట్టి వస్తే, ఆడోళ్ళు రావల్ల అంటివి."

"నేనేం చెయ్యల్లమ్మా? తిద్దుపడి... అదే, కార్డులో మార్పులు చేసేది తెరిసిందే రెండు మూడు దినాలకు. రేపు సాయంత్రం మూస్తారు. ఎవురి ఊర్లో చూసినా ఇదే నూకులాట. సర్వరు ఎంతని మోస్తాది?"

"రేపటిలోపల కాకపోతే?"

"చచ్చిపోయినామె పెద్దగా ఉంటే వచ్చే నెల బియ్యం నిలిచిపోతాయి."

"ఆమె బియ్యమా?"

"అందరివీ."

"అందరివంటే? పిల్లోళ్ళవి గూడనా?"

"అందరివీ అంటి గదా సుంకమ్మా."

"ఇదేం న్యాయమప్పా! చచ్చిపోయింది ముసిల్ది, బువ్వ ఆపేది పిల్లోళ్ళకా?"

"నన్నడిగితే నేనేం చెప్పల్ల? చట్టంలో ఏమో బియ్యం మీ హక్కు అనే ఉండాది. కంప్యూటర్లో ఇట్లుండాది."

"సరే, పోనీ. ఎట్లా తెరిసినారు గదా, మాకు రెండు కార్డులు చేసెయ్యి. అక్కోళ్ళ పొయ్యి వేరే, మా పొయ్యి వేరే. చానా దినాలాయె."

"ఈ మాటకు నేనూ ఒప్పుకుంటా సుంకమ్మా. మౌనేషప్పా, మా ఆయన, నేను, మా పాప, హంపమ్మ వదినె. నలుగురిని ఒక కార్డులో ఎయ్యి."

"హంపమ్మ వదినె మీ దాంట్లో ఎందుకక్కా? మా దాంట్లో ఎయ్యప్పా ఆమె పేరు."

"మేము ముగ్గురమే గదా, మీరైతే ఐదు మంది."

"ఐదు మందిమని మాకు బియ్యం చేదా?"

"అబ్బా, అదృష్టవంతురాలివి హంపమ్మక్కా. నిన్ను పెట్టుకునేదానికి యిద్దరూ పోటీ పడ్తాండారు. అంటే రాజశ్రమ్మా, ఈమెకు బువ్వ మీ ఇంట్లోనే అంటావు?"

"పేరు మా కార్డులోప్పా. తినేది సుంకమ్మింట్లో. మా ఇల్లు ఇరుకు."

"మా ఇల్లేమన్నా కల్యాణమంటపమా? పేరు మీకు, బువ్వ పెట్టేది మేమా? బాగుండాదే!"

"రెండూ కాదులేమ్మా. కార్డు వేరే చేసేది బంద్ అయ్యిండాది. ఉత్త పేరు మార్చేదానికే తెరిసినారు."

"మౌనేషప్పా."

"చెప్పు హంపమ్మక్కా."

"ఒంటి మనిషికి కార్డు యియ్యరా?"

"యిస్తారక్కా. ఎందుకియ్యరు, రూలుండాది. కానీ కొత్త కార్డులు తీసుకునేది నిలిపినారు."

"ఎప్పుడు తెరుస్తారు?"

"అది నాకు తెల్దు."

"ఎవురికి తెలుసు?"

"బళ్ళారి ఆఫీసులో అడగల్ల."

"పోయింటిమి. అమ్మా నేనూ పోయింటిమి. మీ ఊర్లో మౌనేష్‌ను అడగండి అనిరి."

"నీకెందుకు వదినె వేరే కార్డు? మేము లేమా?"

"ఉండారు సుంకమ్మా."

"మరి ఇన్నాళ్ళు ఈమె యాడ తింటాండెనమ్మా?"

"మా అత్త కాడప్పా. ముసిల్ది ఎవురి పంచనా చేరలే. వసారాలో వేరే పొయ్యి పెట్టుకునిండె. తల్లీ కూతురు ఆడే వొండుకోని తింటాండ్రి. ఈమె జీన్సు ఫ్యాక్టరీలో దారాలు కత్తిరిచ్చి వచ్చేసరికి ముసిల్ది సంగటి ముద్ద చేసి మూత పెట్టి పెడ్తాండె."

"ఇప్పుడు?"

"దినాలయ్యేదాకా చుట్టాలుండ్రి, అందరికీ ఒకే గుండిగలో వొండితిమి. మొన్న చుట్టాలు పోయిరి."

"మొన్నటినుంచీ?"

"సుంకమ్మింట్లో తింటాండాది."

"మా ఇంట్లోనా? ఏమక్కా, మీ ఇంట్లో గదా తింటాండేది?"

"నేను పిలిస్తే గదా వచ్చేది... అంటే, నువ్వు పిలిచింటావు అనుకుంటి."

"నేను గూడ అట్లే అనుకుంటి."

"అమ్మ పొయ్యి ఉండాది గదమ్మా. ఆమె వొండుకునింటాది."

"పొయ్యుండాది మౌనేషప్పా. బియ్యమే లేవు. అత్త తెచ్చిన సంచి ఆమె దినాలకే ఐపాయె."

"హంపమ్మక్కా, రాత్రి యాడ తింటివి?"

"చక్రం ఆగినట్లుండాది. చూడప్పా."

"ఆఁ... ఆగింది. ఆగింది! పేర్లొస్తాండాయి. జరగండమ్మా, వెలుతురు రానీ. హొన్నూరమ్మ, మరణ అని కొట్టినా. ఇప్పుడు ఇదే తీసుకుంటాది చూడు, కుటుంబద ముఖ్యస్థె... ఇంటికి పెద్ద..."

"సుంకమ్మ అని వచ్చిందా?"

"లేదు."

"చూస్తివా సుంకమ్మా! నేను చెప్తి గదా, పెద్ద కోడలంటే పెద్ద కోడలే. రాజశ్రీ అని ఉండాదా మౌనేషప్పా?"

"లేదమ్మా. హంపమ్మ అని ఉండాది."

"ఎవురూ?"

"హంపమ్మ. మీ ఎనక నిలబడిండేమె."

"తప్పు చూపిస్తాండాది. ఇంకోసారి నొక్కు."

"నొక్కినా రాజశ్రమ్మా. కార్డులో పేరుండాది. ఆడమనిషి. వయసులో మీ అందరికన్నా పెద్దది. ఇంగ తప్పేముండాది?"

"పెండ్లి చేసి ఆంధ్రాకిచ్చిన మనిషి మా ఇంటికెట్ల పెద్దయితాదప్పా? మొగుడు యిడిసిపెడితే వచ్చి కూచుంది. అంతే గదా?"

"పెద్దనే ఐతాది. మీ అత్త ఈమె పేరు ఎప్పుడో ఎక్కిచ్చిండాది."

"అదొక రామాయణంలే. ఆడ మొగుని కార్డులోంచి పేరు తీయకుంటే ఈడ ఎక్కదంట. ముసిల్ది గుంతకల్లు ఆఫీసుకు కాళ్ళరిగేట్టు తిరిగె. మేము వద్దే వద్దంటిమి."

"తిరిగింది కాబట్టి ఈ పొద్దు మీకు పనికొచ్చె. వినండమ్మా ఇద్దరూ. ఇంగ ఈ కార్డులో ఒక పేరు తియ్యల్లన్నా, ఒక పేరు ఎక్కియ్యల్లన్నా ఈమె వేలే కావల్ల."

"గృహలక్ష్మి?"

"ఈమెకే."

"నేను మొదట్నుంచీ అదే గదా చెప్తాండా? వయసుకు మర్యాద యియ్యల్లని. ఏం వదినె, చెప్పలేదా?"

"చెప్పినావు సుంకమ్మా."

"నువ్వుండు సుంకమ్మా. వదినె, ఆ సంచి ఇట్లియ్యి, నేను పట్టుకుంటా. ఎండలో ఎంతసేపని నిలబడ్తావు, ఈ నీడకు రా. రాత్రికి మా ఇంటికి రా వదినె. జొన్నరొట్టె, వంకాయ కూర చేస్తా."

"వదినెకు రొట్టె నమలేది కష్టమక్కా, పన్ను నొప్పి. వదినె, మా ఇంటికి రా. వేడి వేడిగా ముద్ద చేస్తా, పప్పు చేస్తా."

"రాజశ్రమ్మా, మీ ఇల్లు ఇరుకంటివి?"

"పిల్లను పక్కింట్లో పండబెడ్తాంలే మౌనేషప్పా. నువ్వు మధ్యలో మాట్లాడద్దు."

"మాట్లాడనులే. హంపమ్మక్కా, ముందుకు రా. ఇదో, ఈ ఎర్ర దీపం మీద వేలు పెట్టు. మొదలు అమ్మ పేరు తియ్యల్ల."

"అమ్మ పేరు తీసేదానికి నా వేలా?"

"ఆఁ అక్కా. కొత్తామె పెడితేనే పాత పేరు పోయేది."

"నా పేరు ముందు ఎక్కిచ్చప్పా. ఆమెది ఆనక తియ్యి."

"అట్ల రాదక్కా. ఒక కార్డుకు యిద్దరు పెద్దలుండరు."

"పెట్టు వదినె, పోయిన మనిషి ఎట్లా పాయె."

"పెడ్తా సుంకమ్మా. తొందర పెట్టద్దు... ఇదో, పెట్టినా."

"వేలు తీసుకోలేదక్కా. కొంగుతో తుడుచుకోని మళ్ళా పెట్టు."

"దారాలు కత్తిరిచ్చి కత్తిరిచ్చి వేలు మొద్దుబారిండాదప్పా."

"ఒత్తు. ఇంకా ఒత్తు. ఆఁ, తీసుకుంటాండాది, తియ్యద్దు... అట్లే ఉండు... అట్లే... అయ్యో!"

"ఏమాయె? ఏమాయెప్పా?"

"పాయె. సర్వరు పాయె. చక్రం గూడ లేదు ఇప్పుడు. తెల్లగైపాయె."

"వదినె పేరు ఎక్కిందా?"

"ఎక్కలేదమ్మా."

"అత్త పేరు పోయిందా?"

"అదీ పోలేదు. ఈ పొద్దుకు కార్డుకు పెద్ద హొన్నూరమ్మనే."

"చచ్చిపోయినామెనా?"

"ఆమెనే. రేపు పొద్దున్నే రండి. సర్వరుంటే ఐతాది."

"లేకుంటే?"

"మళ్ళీ తెరిసేదాకా కాచుకోవల్ల. అంతలోపల బియ్యం ఉండవు."

"ఎప్పుడు తెరుస్తారు? తెల్దు. ఎవురికి తెలుసు? తెల్దు. అంతే గదా మౌనేషప్పా? ఈ సంచి పట్టుకో వదినె, చెయ్యి గుంజుతాండాది."

"అక్కా, మరి రాత్రికి వదినె మీ ఇంటికే గదా? రొట్టె అంటివి."

"పిల్లను యాడ పండబెట్టల్ల సుంకమ్మా? ఆ ఇల్లు చూసినావు గదా. నువ్వేదో ముద్ద, పప్పు అంటివి?"

"అంటిలే. పిండుండల్ల గదా చేసేదానికి? వచ్చే నెల బియ్యమే వస్తాయో రావో అని నేనేడుస్తాంటే."

"సరే, రేపు కానీ, చూద్దాం. పద, పిల్లోళ్ళు బడినుంచి వచ్చే యాళైతాండాది."

"నేనూ వస్తాండా నిలబడు."

"హంపమ్మక్కా, నువ్వు గూడ రేపు తప్పకుండ రావల్ల. నువ్వు లేకుంటే పని కాదు. ఏమేమి మిగిలిందో గుర్తుండాదా?"

"ఉండాదప్పా. అమ్మ పేరు తియ్యల్ల. నా పేరు ఎక్కల్ల. రాత్రికి నేను యాడ తినల్లో ఇంకా ఎవురూ చెప్పలేదు."