హోరు నడుమ గొంతును వెదకి ఇచ్చిన డార్లీన్ గారు

1988 అక్టోబరు మూడవ తేదీన, అమెరికాలోని మా డులూత్ పట్టణంలో ఆ ఏటి తొలి మంచు రాలుతున్న ఉదయాన, శ్రీమతి డార్లీన్ వుకెలిచ్ గారు మా హెరన్ పాయింట్ ఆడియో సంస్థ సేవావిభాగంలో చేరారు. ఆనాడు ఇంట రెండు స్పీకర్లుంటే అదే వైభవం. అనంతరకాలంలో ఇల్లే సినిమాహాలుగా మారి, స్పీకర్లను నడిపే రిసీవరులో లెక్కకు మిక్కిలిగా ధ్వనిరీతులు (సౌండ్ మోడ్‌లు) వెలసి, కొన్నవారికే కాదు, అమ్మిన మాకు కూడా తల తిరిగిపోయింది.

ఆ అయోమయాన్ని తొలగించినవారు డార్లీన్ గారే. 2004లో విభాగాధిపతిగా బాధ్యతలు స్వీకరించాక, కొత్తగా చేరిన ప్రతివారికీ ఆమె చెప్పే మాట ఒక్కటే: "పేరు చూసి మీట నొక్కకండర్రా! రికార్డులో ఏముందో ముందు వినండి. ఐదు స్పీకర్లకు విడివిడిగా చేసిన సినిమాని దాని మానాన వదిలెయ్యండి. విందులో ఇల్లంతా ఒకే పాట మోగాలా, దానికో రీతి ఉంది. చర్చి, స్టేడియం అని పేరున్న రీతులు మాత్రం లేని ప్రతిధ్వనిని తెచ్చిపెడతాయి, జాగ్రత్త." అంతటి శాస్త్రాన్ని అంత తేలికగా చెబుతుంటే మేము నోళ్లు వెళ్లబెట్టేవాళ్లం.

ఒక శీతాకాలంలో అయిలా నీమి గారనే వృద్ధురాలు ఫోను చేసి, మా దగ్గర కొన్న సెట్టును వెనక్కి తీసుకుపొమ్మన్నారు. దివంగతులైన ఆమె భర్త వెయిన్ గారు స్థానిక రేడియోలో బడిపిల్లల హాకీ పోటీలకు వ్యాఖ్యాత. ఆయన గొంతు మిగిలింది ఒక్క టేపులోనే. డార్లీన్ గారు వెళ్లేసరికి ఆ టేపు చెత్తబుట్ట అంచున ఉంది.

"ఇది మా ఆయన గొంతు కాదమ్మా. బావిలోంచి ఎవరో అరుస్తున్నారు. టేపు పాడైపోయింది, ఇలా వినేకంటే పారేయడమే నయం," అన్నారు అయిలా గారు.

"హాకీ కదాని స్టేడియం పెట్టానండీ," అన్నారు కుమారుడు కర్ట్ గారు. "ఎవరైనా అదే పెడతారు కదా!"

"ఆ రోజు జనం హోరు టేపులోనే ఉంది బాబూ. దాని మీద నువ్వు ఇంకో స్టేడియం కట్టావు. పద, పడగొడదాం," అని నవ్వి, ఆ రీతిని తీసివేసి, ఒంటి మైకుతో పట్టిన ఆ గొంతు మధ్య స్పీకరుకు చేరే రీతిని డార్లీన్ గారు ఎంచారు.

వెయిన్ గారు గదిలోకి వచ్చి కూర్చున్నట్టే అయింది! ఆట ఆగిన విరామంలో, అంతవరకూ ప్రతిధ్వనిలో మునిగిపోయిన ఒక చిన్న మాట స్పష్టంగా వినవచ్చింది: "అయిలా, ఆ కాఫీ ఇటివ్వు."

"వ్యాఖ్యానం చెప్పే ఆ చిన్న గదిలో ఆయన పక్కన నేనే కూర్చునేదాన్ని," అన్నారు అయిలా గారు. ఆ మాటను మళ్లీ వినిపించమన్నారు. డార్లీన్ గారు టేపును వెనక్కి తిప్పారట.

ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న డార్లీన్ గారు, భర్త మిలాన్ గారితోనూ పిల్లలతోనూ, చెవులు చురుకుగా, ఒళ్లు గట్టిగా, చిరకాలం హాయిగా ఉండాలని మా అందరి ఆకాంక్ష. మా మాటలకంటె, మా సంస్థ పత్రిక ఈ సంచిక కోసం అయిలా గారు ఫోనులో చెప్పినదే మేలనిపించి యథాతథంగా ఇస్తున్నాం:

"ఆవిడ నూరేళ్లు చల్లగా ఉండాలి. ఆవిడ పుణ్యమా అని మా ఆయన ఇప్పటికీ కాఫీ అడుగుతూనే ఉన్నాడు, నేను విసుక్కుంటూనే ఉన్నాను."