అభన్‌పూర్ వచ్చాకే ఉప్పు

ఏటే తాయారూ, చారు రుచి చూసి అలా మొహం చిట్లిస్తన్నావేటి? ఉప్పెక్కువైందా? మామ్మకి మతి పోతంది, ఒకసారేసింది మర్చిపోయి మళ్ళీ ఏసేస్తంది, అని నిన్న నీ మొగుడితో గుసగుసలాడేవు కదా. వినబడిందిలే. చెవులు బాగానే ఉన్నాయి నాకు. మతి సంగతంటావా, అబద్ధమెందుకు, అదీ నిజమే. మొన్న తాళంచెవి బియ్యం డబ్బాలో పెట్టీసి రెండు పూటలు వెతికేను. ఎదురు క్వార్టర్ ఆవిడ పేరు నోటిదాకా వస్తాది, బయటికి రాదు. భయమేస్తాది నాకు. గానీ ఉలవచారులో ఉప్పు మాత్రం మర్చిపోయి వేసింది కాదే. తెలిసే వేస్తన్నాను. నలభై అయిదేళ్ళ పైనుంచీ ఈ ఇంట్లో ఈ చారు ఇలాగే ఉంటాది. ఆ పీట ఇలా లాక్కో. కూర్చో. ఇకమీదట పొయ్యి నీది కదా, నీకు తెలియాలి. నేను మర్చిపోయేలోగా తెలియాలి.

ఇది మా అత్త చారు. పైడమ్మ ఆవిడ పేరు. నీ మొగుడి తాతకి తల్లి. నువ్వు చూడలేదు, నీ మొగుడూ చూడలేదు, ఫొటో అన్నా లేదు. నా బుర్రలోనే ఉంది, అందుకే ఈ కంగారు. పొట్టిగా, ఇంత జుట్టు ముడితో, నోరు మాత్రం స్టేషనుదాకా వినబడేది. నేను పద్నాలుగేళ్ళదాన్ని కాపరానికొచ్చేను, అప్పటికి ఈ కాలనీలో మనవాళ్ళు పదిళ్ళు ఉంటారేమో. బి.ఎన్.ఆర్. రైలు కంపెనీ రోజులు. ఇప్పుడేదో పేరు మార్చీసేరట కదా, సౌత్ ఈస్టర్నో ఏదో. పోనీ. ఈ రాయపూర్లో దసరా వెళ్ళిందంటే తెల్లారగట్ల నీళ్ళు ముట్టుకుంటే జివ్వుమంటాది, మన విజీనగరంలో ఎక్కడిదీ చలి? ఆ చలిగాలి తిరగ్గానే ఇంటింటా ఒక వంట. మనకి పాలు పోసే ఆవిడ ఉంది కదా, వాళ్ళమ్మ చేమాకుల్లో మినప్పిండి చుట్టి పుల్లమజ్జిగలో ఉడికించి తెచ్చేది, ఇడహర్ అంటారు. "ఖా లే బహూ, గర్మీ ఆహీ" అనేది, తినవే కోడలా, ఒంట్లో వేడి పుడతాది అని. గొంతు దురద పుడతాదని నేను మొదట ముట్టలేదు, తర్వాత గిన్నె నాకి ఇచ్చేదాన్ని. మా అత్తకి అవేవీ కాదు. చలి పడిందంటే ఉలవచారు. వేడి అన్నం, వెన్న, ఆ చారు, బస్.

గానీ ఉలవలు ఉడకాలంటే పూటంతా పొయ్యి మండాలి కదే. సన్నటి సెగ, పొద్దున్నించి సాయంత్రం దాకా. అంత మంట ఎక్కడిది? అదిగో అప్పుడు మా అత్తకి ఒక ఆలోచన తట్టింది. మా మావ ధంతరీ వెళ్ళే చిన్నరైలుబండికి డ్రైవరు. పేరు నా నోట్లోంచి రాకూడదు, అందరూ సూర్యారావనేవారు. చెప్పీసేను, సరేలే. పొద్దున్నే బండి పట్టుకెళ్ళి సాయంత్రానికి తిరిగి తెచ్చేవాడు. ఇంజన్లో రోజంతా మంటే కదా, ఊరికే పోతంది కదా అంది మా అత్త. కళాయి వేసిన ఇత్తడి గిన్నెలో నానబెట్టిన ఉలవలు, నిండా నీళ్ళు, మూత, దానిమీద తడిగుడ్డ బిగించి కట్టి, మావ చేతికిచ్చేది. బాయిలర్ ముందు, టీ డబ్బా వేడిగా ఉండాలని పెట్టుకునే అరుగులాంటిది ఉంటాదట, దానిమీద పెట్టేవాడు. వెళ్ళేటప్పుడు కుతకుత, వచ్చేటప్పుడు కుతకుత. ఒక్కటే షరతు. గింజ మెత్తబడేదాకా ఉప్పూ చింతపండూ తగలకూడదు, తగిలితే బిగిసిపోతాది. అందుకని అవి రెండూ వేరే చిన్న మూట. తిరుగు దారిలో అభన్‌పూర్ వస్తాది చూడు, అక్కడ బండి ఆగి ఇంజన్‌కి నీళ్ళు పట్టేవారు. ఆ ఆగినప్పుడు గుడ్డ విప్పి, చింతపండూ ఉప్పూ వేసి, మళ్ళీ కట్టీయాలి. రాయపూర్ చేరేసరికి చారు తయారు. ఇంటికొచ్చేక వడకట్టి, వెల్లుల్లి దంచి తాలింపు పెట్టుకోడమే. గింజలు నాకు, ఉల్లిపాయ వేయించి గుగ్గిళ్ళు చేసుకునేదాన్ని. నీకు వడకట్టడం తెలుసు కదా? ఆఁ, నిన్న చూసేను, గుడ్డ మరీ పల్చన.

ఏం చెప్తన్నాను? ఉప్పు. ఆఁ, ఉప్పు. మా మావ చెయ్యి చాలా పెద్దదే. ఇంజన్ నడిపే రెగ్యులేటరు పట్టుకునే చెయ్యి. గుప్పెడు కల్లుప్పంటే అది గుప్పెడు కాదు, దోసెడు. ప్రతిసారీ ఇంట్లో యుద్ధమే. "భీమిలిలో పుట్టేవని సముద్రం తెచ్చి నోట్లో పొయ్యాలా మాకు?" అనేది అత్త. "మంట ముందు చెమట కారేవాడికి తెలుస్తాది ఉప్పు సంగతి. నీడని కూర్చున్నదానికేటి తెలుసు?" అనేవాడాయన. మధ్యలో ఓసారి మావకి జొరమొస్తే వేరే డ్రైవరు వెళ్ళేడు, ఫైర్‌మన్ రామయ్యే ఉప్పు వేసేడు. రామయ్యంటే మా రెండిళ్ళ అవతల రమణమ్మ మొగుడు. ఎంతుండాలో అంతే వేసేడు. మా అత్త ఊరంతా చాటింది. "చూసేరా, రామయ్య చెయ్యి! చెయ్యంటే అదీ!" మావ వారంరోజులు మాటాడలేదు.

ఒకరోజు, దీపావళి ఇంకా నాలుగురోజులుందనగా, తెల్లారగట్ల గిన్నె చేతికిస్తూ అత్త అనీసింది. "ఈవేళ కూడా ఉప్పు కషాయంలా ఉందంటే, ఇదే ఆఖరి గిన్నె. మళ్ళీ పంపను." ఆయన గిన్నె అందుకుని వెళ్ళిపోయేడు. నేను ముగ్గు వేస్తన్నాను. ఆఖరి అన్న మాట అపశకునమని నాకే తోచింది. ఆవిడకేమీ తోచలేదు, పళ్ళు తోముకోడానికెళ్ళిపోయింది.

సాయంత్రం బండి వేళయింది, కూత లేదు. ఇంకో గంట. స్టేషన్ నుంచి ఖబరొచ్చింది. ధంతరీ బండి అభన్‌పూర్ రాకముందే ఇంజన్ పట్టాలు తప్పి ఒరిగిపోయిందట. ఇంజన్ దగ్గర ఒక ప్రాణం పోయిందట. ఎవరిది? ఎవరికీ పతా లేదు. ఇంజన్లో ఉండేది ఇద్దరే కదే. మా మావ, రామయ్య. రమణమ్మ వచ్చి మా అరుగు మీద కూలబడింది, పెళ్ళయి రెండేళ్ళు కాలేదు దానికి. అత్త పక్కనే కూర్చుంది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. ఎలా చూస్తారు? ఒకదాని మొగుడు ఉన్నాడంటే రెండోదాని మొగుడు లేడు. ఇది మాత్రం మర్చిపోను.

దీపాల వేళకి పట్టాల మీద ట్రాలీ తోసే మనిషొకడు వచ్చేడు. నెత్తిన చుట్టగుడ్డ, చేతిలో మా గిన్నె. "పైడమ్మ దాయీ కే ఘర్?" అన్నాడు. మేం ముగ్గురం ఒక్కసారి లేచేం. ఎవరిచ్చేరు, వాళ్ళెలా ఉన్నారు, అని మీదపడ్డాం. "మోలా కుఛు నై మాలూమ్ దాయీ. హండీ లా దే దేబే కహిస్, బస్." తనకేమీ తెలీదట, గిన్నె ఇచ్చీమన్నారట, అంతే. వాడికి ఎవరో పట్టాలు బాగుచేసే గ్యాంగు మనిషిచ్చేడట, ఆ గ్యాంగు మనిషికి ఇంకెవరో. గిన్నె ఇచ్చి వెళ్ళిపోయేడు పాపం.

అత్త గుడ్డ విప్పింది. నేను దీపం పట్టేను. నీకు అర్థమవుతోందా? ఇంజన్ అభన్‌పూర్ రాకముందే ఒరిగింది. అంటే అప్పటికి అందులో ఉప్పు లేదు. ఇప్పుడుందీ అంటే, ఒరిగేక వేసేరన్నమాట, బతికున్నవాడు వేసేడన్నమాట. ఆ మూట సంగతి ఇద్దరికే తెలుసు. అత్త వేలు ముంచి నాలిక మీద రాసుకుంది. నేను ఆవిడ మొహమే చూస్తన్నాను. ఉప్పుంది. ఉంది గానీ, సరిగ్గా ఉంది. ఎంతుండాలో అంతే. ఇన్నేళ్ళలో ఆ గిన్నెలో అలాటి ఉప్పు ఒక్కసారే పడింది, అది రామయ్య చెయ్యి.

మా అత్త ఏం చేసిందో తెలుసా తాయారూ? ఏడవలేదు. రమణమ్మ గడ్డం పట్టుకుని, "నాలిక చాపవే" అంది. ఒక చుక్క వేసింది. "చూసేవా? ఇది మీ ఆయన చెయ్యి. నీ మొగుడు క్షేమంగా ఉన్నాడు. లే, ఇంట్లో దీపం పెట్టుకో." రమణమ్మ వెర్రిదానిలా చూసింది. "మరి అన్నయ్యో, వదినా?" అంది. "ఆయన సంగతి నాకొదిలీ. పో." దాన్ని పంపించీసి, గిన్నె ఒళ్ళో పెట్టుకుని గోడకి జారబడింది. "ఇంకా వేడిగానే ఉందే" అంది నాతో. చల్లారిపోకుండా కొంగు కప్పింది. తెల్లార్లూ అలాగే.

తెల్లవారుతూనే సాయం వెళ్ళిన ఇంజన్ తిరిగొచ్చింది. పట్టాల వెంబడి ఇద్దరు మనుషులు, ఒళ్ళంతా మసి. ఒకడు కుంటుతున్నాడు, రామయ్య. రెండోవాడు మావ! పోయింది ఒక గేదె. పట్టాల మీదకొచ్చి ఇంజన్ కింద పడింది, దానివల్లే ఇంజన్ ఒరిగింది. అభన్‌పూర్ నుంచి రాయపూర్ చేరేసరికి ఆ గేదె మనిషైపోయింది. రమణమ్మ కేక పెట్టి పరిగెత్తింది. మా అత్త కదలలేదు. ఒళ్ళో గిన్నె అలాగే ఉంది. ఆయన మెట్టెక్కి వచ్చేక ఒకటే మాట అడిగింది. "ఉప్పెవరు వేసేరు?"

"నేనే" అన్నాడు మావ. "ఇంజన్ వదిలి రాకూడదు, నువ్వేమో కంగారు పడతావు. నాకు రాయడం రాదు, నీకు చదవడం రాదు. గిన్నె పంపితే తెలుస్తాది కదా, ఉప్పేసేను కాబట్టి బతికే ఉన్నానని. పొద్దున్న ఆఖరి గిన్నె అన్నావు కదాని, చిటికెలు లెక్కెట్టి మరీ వేసేను."

అత్త ఆయన్ని అలా చూసి, చూసి, "జన్మలో ఒక్కసారి నా మాట వినడానికి నీకు నిన్నే దొరికిందేటయ్యా!" అంది. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే లేచి వంటింట్లోకెళ్ళి, గుప్పెడు కల్లుప్పు తెచ్చి గిన్నెలో పోసీసింది. తాలింపు పెట్టింది. రామయ్యకీ రమణమ్మకీ మా అందరికీ వేడన్నంలో పోసింది. నోట పెట్టలేం, అంత ఉప్పు. గిన్నె అడుగు కనబడేదాకా తిన్నామే. అంత హాయిగా నేను మళ్ళీ ఎప్పుడూ తినలేదు. ఆనాటి నుంచీ ఈ ఇంట్లో చారుకి ఉప్పు అంతే.

మావ పోయేక కూడా ఆవిడ చాలా ఏళ్ళుంది. ఆఖర్న నాలాగే, నాకంటే ఎక్కువ, అన్నీ మర్చిపోయింది. నన్ను చూసి "ఎవరి గుంటవే?" అనేది. కొడుకుని స్టేషన్ మాస్టరనుకునేది. గానీ చలికాలం రాగానే నేనీ చారు కాచి నాలిక మీద వేస్తే, కళ్ళు మూసుకుని, "ఊఁ, వచ్చీసేడు" అనేది. అని పడుకునేది.

ఇంతకీ దీన్లో వేసేనా నేను, వెయ్యలేదా? నువ్వు ముక్కు చిట్లించేవు కదా, వేసే ఉంటాను. ఏదీ, గరిటె ఇలా తే. నా చేతిలో ఓ చుక్క వెయ్యి. కాస్త చాలు.

ఊఁ.

ఆ తలుపు దగ్గరకెయ్యి తాయారూ, గాలొస్తంది.