పసుపు మరకల అంగి

బోధన్ బస్టాండులో తల్లీకూతుళ్లు నిజామాబాద్ బస్సు కోసం కూర్చున్నారు. యూనివర్సిటీలో సీటు వచ్చిందన్న మెసేజ్ చూసినప్పటి నుంచి కూతురికి నవ్వూ ఆగడం లేదు, భయమూ ఆగడం లేదు.

“జెండర్, సెక్సువాలిటీ స్టడీస్ల ఎం.ఏ. అవ్వా. బాపుకేమని చెప్పాలె?”

“ముందుగాల నాకు చెప్పు. ఏం సదువు గది?”

“ఆడోళ్లు గిట్లుండాలె, మొగోళ్లు గట్లుండాలె, ఎవలు ఎవలను ఇష్టపడాలె, గివన్ని ఎవలు పెట్టిండ్రు అని సదువుడు. మనింట్లనే సూడు, పసుపు ఉడికేటప్పుడు ఆడోళ్లు కడాయి కాడికి రావద్దంటడు బాపు. వస్తే రంగు రాదట.”

తల్లి అటూ ఇటూ చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“పోయినేడు మీ బాపుకు జెరమొస్తె, కూలోళ్లు ఉడకబెట్టిండ్రని చెప్పిన గద. కూలోళ్లెవలు దొరకలే బిడ్డా. ఆయన అంగి తొడుక్కొని, రుమాలు సుట్టుకొని నేనే ఉడకబెట్టిన.”

“నువ్వా?”

“పక్క చేను నర్సన్న గట్టు మీదికెల్లి ‘అన్నా, జెరం తగ్గిందా’ అన్నడు. తలకాయ ఊపిన.”

కూతురు నవ్వాపుకోలేక కడుపు పట్టుకుని బెంచీ మీదే వాలిపోయింది. కళ్లు తుడుచుకుని లేచేసరికి కొంత సమయం పట్టింది.

“అసుంటి రంగు మా తాతల నాడు గూడ రాలేదని బాపు ఊరంత చెప్పుకున్నడు, గా పసుపేనా?”

“గదే.”

“మరి నన్ను సదువుకు పోవద్దంటే?”

“అననియ్యి. ఏడాది సంది ఆయన ఎతుకుతున్న అంగి నేనే దాసిపెట్టిన, తెచ్చి ముంగట పెడ్త. మరకలు ఇంకా పోలే.”