మంచం మీద టోపీ

తెల్లారకముందు పడమట అంత గట్టిగా ఉరిమిన మబ్బు, చినుకైనా రాల్చకుండా మోంటానా కొండల వెనక్కి జారుకుంది. వంటింట్లో ఓపల్ గుడ్లు వేపుతోంది. మొగుడు రాయిస్ బూట్లు తొడుక్కుంటున్నాడు. ఎద్దుల స్వారీ పోటీ ఆ మధ్యాహ్నమే.

“ఏ ఎద్దు పడింది నీ వంతుకి?”

“బూడిదరంగుది.”

“పోయినేడు నీ పక్కటెముకలు విరిచిందే, అదేనా?”

“పక్కటెముకలు కాదు. దవడ.”

“అవునవును, దవడ. పక్కటెముకలు ఎర్రదాని వాటా. తలా ఓ చోట పంచుకుంటే నాకేం గుర్తుంటుంది?”

“పొద్దున్నే మొదలెట్టకు ఓపల్.”

“మరెప్పుడు మొదలెట్టను? ఆస్పత్రిలోనా? అక్కడ విరిగిన దవడ కదలకుండా తీగలు కట్టి ఉంటాయి, జవాబు చెప్పలేవు.”

“డెల్ కూడా స్వారీకే, నన్నెక్కించుకోడానికి బండేసుకుని వస్తున్నాడు. వాడి ముందు మాత్రం...”

“వాడి ముందు నువ్వు మగాడివి. తెలుసు. ఎద్దు మీద నిలబడాల్సిన ఆ ఎనిమిది సెకన్లు మగాడివి. ఆ తర్వాత నెలల తరబడి బూటు విప్పడానికి కూడా నేనే కావాలి.”

“పిల్లలు వింటారు.”

“విననీ. పెద్దది బడిలో బొమ్మ గీసింది, ‘మా నాన్న’ అని. ఓ మంచం, తాడేసి వేలాడదీసిన కాలు. ఎద్దు ఎక్కడా లేదు.”

“ఇదే ఆఖరుసారి అన్నానుగా.”

“చిన్నది పుట్టినప్పుడూ అన్నావు. దానికి పళ్లన్నీ వచ్చేశాయి, నీ ఆఖరుసారి మాత్రం రాలేదు.”

“టోపీ తెచ్చుకుంటా.”

“తెచ్చుకో. పగిలిన పుర్రె మీద అందంగా ఉంటుంది.”

“ఓపల్!”

“ఏంటా అరుపు?”

“నా టోపీ మంచం మీద పెట్టిందెవరు?”

“కొక్కేనికుందిగా.”

“మంచం మీదుంది! నువ్వే పెట్టావు. టోపీ మంచమెక్కితే మా స్వారీగాళ్లెవరూ ఆ రోజు ఎద్దెక్కరని తెలిసే పెట్టావు.”

“పెళ్లాం ఏడిస్తే ఆగలేదు. పిల్లలు కాళ్లకి చుట్టుకుంటే ఆగలేదు. టోపీ పడుకుంటే ఆగుతావా? థూ!”

“చావుని ఇంటికి పిలిచినట్టే అది. నీకేం తెలుసు?”

“డెల్ నవ్వడా మరి?”

“దీనికి ఎవడూ నవ్వడు. వాడైనా ఇంతే... హలో, డెల్? నా కోసం రాకు. కాదురా, భయమేంటి! టోపీ మంచం మీదుంది. ఆఁ... ఆవిడే. ఏం చేస్తాం.”

“ఏమన్నాడు?”

“నిన్ను తిట్టాడు.”

“తిట్టనీ. సాయంత్రానికి ఊరంతా తిడుతుంది. రాయిస్.”

“ఊఁ.”

“నడవలో అద్దముంది చూశావా? ఈ పొయ్యి దగ్గర నిలబడితే అందులో మన మంచం కనబడుతుంది.”

“అయితే?”

“నువ్వే టోపీని కొక్కెం మీంచి తీసి, రెండు చేతులతో, పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టావు. కూర్చో. ఎవరడిగినా నేనే పెట్టానని చెబుతాలే.”

పిల్లలొచ్చారు. చల్లారిన గుడ్లు నలుగురూ కలిసి తిన్నారు.