నాలుగు మిషన్ల మోత

మర్రిగూడ మండలంలో ఒక ఊరు. 2022 మే నెల, ఆదివారం పొద్దున. గిరి చెలకలో ఎండిపోయిన బోరు పక్కన రేకుల కొట్టం. దాని ముందు గిరి, అతని అక్క ఈదమ్మ భర్త ఐలేశం. కొట్టానికి తాళం వేసి ఉంది. లోపలి నుంచి మోత వస్తోంది.

“తాళం తియ్యమంటే తొవ్వ చూపెడ్తున్నవేంది గిరి?”

“లోపల నిలబడలేవు బావ, యాభై డిగ్రీలుంటది. రేకుల కొట్టం, ఎండకాలం. ఇంటికి పోదాం పా, చాయ్ తాగుదాం.”

“చాయ్ మీ అక్క పోసింది. నేను మిషన్లు చూద్దామని వచ్చిన.”

“ఏమున్నది చూసేతందుకు? ఇనుప డబ్బలు. ముందటొక ఫ్యాను, ఎనకొక ఫ్యాను.”

“గా ఇనుప డబ్బలే గద పైసలు సంపాయిస్తున్నయి. నేనేమన్న ఎత్తుకపోతనా?”

“గట్ల కాదు బావ.”

“ఎట్ల కాదు? ఏడాదిన్నర సంది మోత వినుడే గని మిషన్ మొఖం చూసింది లేదు. వరికి నీళ్లు కడితే గిదే మోత. మందు కొడితే గిదే మోత. ఇంటికాడ పండుకున్నా చెవులల్ల గిదే.”

“మీ ఇల్లు కిలోమీటరుంటది. గంత దూరం వినపడదు.”

“నాకు వినపడతది. సరే, తియ్యకు. ఒక్క ముచ్చట చెప్పు. నాలుగు మిషన్లకు దినాం ఎంతొస్తది?”

“ఒక్క తీరుగ ఉండదు.”

“ఎంతొస్తదంటే తీరు చెప్తవు. నాకు ఎన్ని బస్తాలు పండినయో ఊరందరికీ ఎరుకే. నీ లెక్క ఒక్కనికి ఎరుక లేదు.”

“అడిగితే ఏం చెప్పాలె బావ? చెప్తే నమ్మరు.”

“నాకు ఫైసల్ చెప్పిండులే. చౌరస్తల ఫోన్ల దుకాణం ఫైసల్. దునియాల ఎవరు ఎవరికి బిట్‌కాయిన్ ఇచ్చిండ్రో గా లెక్కలన్నీ గీ మిషన్లే సరిచూస్తయంట. చూసినందుకు కూలి. గా కూలి గూడ కాయిన్లల్లనే వస్తదంట. అసలు ఖర్చు కరెంటుదే అన్నడు. నీకేమో బోరు కరెంటు. బిల్లు లేదు, మీటరు లేదు. బోరు ఎండితే ఎండె, కనెక్షన్ ఉండె. గిరి తెలివిగలోడు అన్నడు. మీ అక్క గదే అంటది, వాడు గదే అంటడు.”

“ఫైసల్‌కు ఏమెరుక? ఫోన్లకు అద్దాలు అతికేటోడు.”

“నిన్ను షాద్‌నగర్ తోలుకపోయి మిషన్లు ఇప్పిచ్చింది వాడే గద.”

“ఇప్పిచ్చిండు. అయితే?”

“అయితే ఏంది, నాకు గూడ ఇప్పిస్తున్నడు. నాలుగు.”

“ఏం నాలుగు?”

“మిషన్లు. నీ కొట్టంల నాకొక పక్క జాగా ఇయ్యి. కిరాయి తీసుకో, ఉత్తగ వద్దు.”

“పైసలేడియి బావ?”

“తొవ్వ పక్క ఎకరం బేరమైంది. మీసేవల రిజిస్ట్రేషన్ స్లాట్ గూడ బుక్ చేసిండ్రు.”

“తొవ్వ పక్కదంటే... బోరున్న ఎకరమా?”

“బోరు లేనిదానికి ఎవడిస్తడు గంత ధర?”

“ఉన్న మూడెకరాలకు గదొక్కటే నీళ్లు. అది అమ్ముకొని కడమ రెండెకరాలల్ల ఏం ఏస్తవు?”

“నీ తీరుగ పడావు పెడత. పడావు పెట్టి నువ్వు మంచిగనే ఉన్నవు గద.”

“అక్కకు చెప్పినవా?”

“పాసుబుక్కు నా పేరు మీదున్నది.”

“నేనడిగింది పాసుబుక్కు కాదు బావ. అక్కకు చెప్పినవా?”

“మీ అక్కకేం చెప్పేదున్నది? దినాం ఆమెనే అంటది. మా తమ్ముడు చదువుకోకున్నా మిషన్లు పెట్టిండు, నువ్వు ఇంకా బురదల్నే ఉన్నవు అని. ఉండొద్దనుకుంటున్న.”

“జర నా మాట విను. దీపావళికి కాయిన్ ధర యాభై లక్షల దాంక పోయె. గిప్పుడు సగానికి సగం పడ్డది.”

“పడ్డప్పుడే కొనాలె అన్నదెవరు? పోయిన దసరకు మా ఇంట్ల కూసోని నువ్వే చెప్తివి.”

“అప్పుడు చెప్పిన. ఇప్పుడు వచ్చినదాంట్ల నూటికి ముప్పై సర్కారుకు కట్టాలె, కొత్త కానూను వచ్చింది.”

“డెబ్బై మిగుల్తది గద. వరిల నాకు ఎన్నడన్న డెబ్బై మిగిలిందా?”

“కేసైతది బావ. బోరు కరెంటు గిట్ల వాడితే దొంగతనం కిందికి వస్తది. దండుగ కట్టాలె.”

“నీ మీద కాలేదేం మరి?”

“లైన్‌మన్ పెద్దులు చూసీ చూడనట్టు పోతున్నడు. నీవి నాలుగు కలిస్తే ట్రాన్స్‌ఫార్మర్ పేలుతది. దాని మీద ఐదుగురు రైతులం ఉన్నం. నాట్లప్పుడు కాలితే మిగిలినోళ్లు మన మీద పడరా?”

“నీ నాలుగింటికి కాలలే. నా నాలుగు పెడితేనే కాలుతదా?”

“లోడు బావ, లోడు.”

“లోడు కాదు. నేను ముట్టుకుంటేనే అన్ని వస్తయి. ధర పడతది, కానూను వస్తది, కేసైతది, ట్రాన్స్‌ఫార్మర్ కాలుతది. నువ్వు ముట్టుకున్నప్పుడు ఒక్కటి రాలే.”

“నీ మంచికే చెప్తున్న.”

“నా మంచి నువ్వు చూసినవు. నా బిడ్డ చీరల ఫంక్షన్‌కు అర తులం ఉంగరం తెచ్చినవు. అందరు చూస్తుండంగ పోరి ఏలుకు తొడిగినవు. మేనమామ అర తులం పెట్టిండు, నాయిన ఏం పెట్టిండు అని మా వదిన అడిగింది. నలుగుట్ల అడిగింది.”

“మేనమామను పెట్టొద్దా?”

“పెట్టు. గని నువ్వు పెట్టుకుంట నన్ను చూసినవు.”

“చూడలే.”

“చూసినవు గిరి.”

“...జర చూసిన.”

“ఇంకొకటి అడుగుత, అబద్ధం చెప్పకు. మీ అక్క సందుగల ఒక కాయితం దొరికింది నాకు. ఇంగ్లీషుల పన్నెండు మాటలున్నయి, వరుసకు నంబర్లేసి.”

“నువ్వెందుకు తెరిసినవు సందుగ?”

“నా ఇంట్ల సందుగ నేను తెరవొద్దా? పాసుబుక్కు కోసం తెరిసిన. గిదేందే అంటే, మా తమ్ముడు దాచమన్నడు, నిన్ను అడగొద్దన్నడు అన్నది. పదహారేండ్లాయె మా పెండ్లయి. నాకు చెప్పని ముచ్చట ఆమె కాడ ఉన్నదని గప్పుడు ఎరుకైంది.”

“దానికి బ్యాంకు ఉండదు బావ. ఫోన్ పోయినా, కాలినా, గా పన్నెండు మాటలుంటేనే పైసలు తిరిగొస్తయి. మాటలు పోతే పైసలు పోయినట్టే. ఎవ్వరిని అడిగేటట్టు ఉండదు. అక్క కాడ కాక ఎవరి కాడ దాస్త?”

“నా కాడ దాయొద్దా? సరే. ఫైసల్‌కు చూపెట్టిన గా కాయితం.”

“ఫైసల్‌కా?”

“వాడు చూసి లేచి షట్టర్ సగం దించిండు. అన్నా, గీ మాటలు ఎవని చేతుల ఉంటే పైసలు వానియే అన్నడు. ఫోన్ల కొట్టి చూద్దామా, ఎంతున్నదో కనపడతది అన్నడు.”

“చూసిండ్రా?”

“ఛీ. బామ్మర్ది పైసలు నేను చూస్తనా? మడిచి మళ్ల సందుగల పెట్టిన.”

“అస్సలు చూడలే?”

“చూడలే అంటున్న గద. నమ్మవా? నాకు నీ మీద కుళ్లున్నది, ఉన్నదనే చెప్తున్న. దొంగతనం లేదు. నీ లెక్కనే సంపాయించుకుంట గని నీది నాకొద్దు. ఒక పక్క జాగా ఇయ్యమన్న. గదానికి గూడ నీకు మనసొస్తలేదు. నువ్వు నన్ను ఎదగనియ్యవు గిరి.”

“బావ.”

“ఏంది?”

“తాళం తీస్త. లోపలికి రా. తలకాయ జర వంచు, రేకు తాకుతది.”

“గంత వేడేం లేదు గదరా. యాభై అన్నవు.”

“చూడు.”

“గివేనా? నాలుగు. చిన్నగనే ఉన్నయి. ఫోటోల చూస్తే లైట్లు కొట్టుకుంటున్నయి, ఇవి కొట్టుకుంటలేవేం?”

“కొట్టుకోవు.”

“కూలి చేస్తున్నయా?”

“లేదు.”

“మరి మోత?”

“గోడకు చూడు. ఫ్యాన్లు. వేడి గుంజి బయట పడేసేతందుకు పెట్టిన రెండు ఫ్యాన్లు. గవే తిరుగుతున్నయి.”

“మిషన్లు?”

“ఫిబ్రవరిల రెండు సచ్చినయి. మార్చిల రెండు.”

“...గీ తెల్లది ఏంది? సున్నమేసినట్టున్నది.”

“మన నీళ్లు. పోయిన ఏడు ఎండలు ముదిరినంక మిషన్లు ఆగుతున్నయని కూలర్ పెట్టిన. మిర్చి నారుకని చెప్పి నీ బోరు కాడ దినాం రెండు డ్రమ్ములు నింపుకపోయిన, యాదికున్నదా? గా నీళ్లే పోసిన. తడి గాలితోని ఉప్పు పోయి లోపల పేరుకున్నది. తాగేతందుకు మనం నల్లా నీళ్లే పట్టుకుంటం. బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ బొక్కలు వంచుతదని చిన్నప్పటి సంది ఎరుకే. మిషన్లకు పోసేటప్పుడు గా సోయి లేకపాయె.”

“బాగు చేయియ్యరాదు?”

“షాద్‌నగర్ తీసుకపోయిన. మిషన్లు అమ్మినోడు చూసి, ఉప్పు లోపలి పలకలు తినేసింది, తూకానికి అమ్ముకో అన్నడు.”

“సంపాయించింది?”

“అప్పు చేసి కొన్న గద, దాని కిందికి పోయింది. ఒక్క ఉంగరం మిగిలింది. అది నీ బిడ్డ ఏలికున్నది.”

“మరి గా కాయితం? పన్నెండు మాటలు?”

“తెరిసి చూసినా బాగుండు బావ. నాలుగు వేలకు మించి లేవు అండ్ల. నువ్వు గంత మంచోనివి కాకుంటే గా దినమే ఎరుకైతుండె నీకు.”

“అబద్ధం.”

“ఫోన్ల చూపెడ్త. ఇగో.”

“...మూడు వేల తొమ్మిది వందలు.”

“గంతే.”

“మార్చిల సచ్చినయన్నవు. ఇది మే నెల. రెండు నెలల సంది ఉత్త ఫ్యాన్లు ఎందుకు తిప్పుతున్నవు?”

“నువ్వు పొలం ఒడ్డు మీదికెల్లి చూస్తుంటివి గద.”

“నేను చూస్తే?”

“ఎట్ల చెప్పాలె... మూడు బోర్లు ఏసిన బావ నేను. మున్నూరు ఫీట్లు, నాలుగు నూర్ల యాభై, ఏడు నూర్లు. నీళ్లు రాలే, దుబ్బ ఎల్లింది. నీకేమో ఒక్కటే బోరు, రెండించుల నీళ్లు. ఇద్దరి నడుమ ఒక్క ఒడ్డే. నీ మోటరు నడిస్తే నా చెలకల వినపడతది. మూడేండ్లు విన్న. ఇంటికాడ గూడ విన్న. కిలోమీటరు, అయినా విన్న.”

“నాకెన్నడు చెప్పకపోతివి.”

“ఏమని చెప్పాలె? నీ నీళ్లు చూసి నా కడుపు మండుతున్నదని చెప్పాల్నా? గా మంటతోనే మిషన్లు తెచ్చిన. బావ ఒక్కసారన్న నా మోత వినాలె అనుకున్న. పెట్టిన నాలుగో దినం నువ్వొచ్చి ఒడ్డు మీద నిలబడ్డవు. సద్ది తినుడు మరిచి నిలబడ్డవు. గంత సంబురం నాకు కాయిన్లు చూస్తే గూడ కాలే. మిషన్లు సచ్చినంక బంద్ చేస్తే నువ్వు రావు. వచ్చినా, పాపం గిరి అంటవు. గది పడదు నాకు.”

“అనకపోతుంటి.”

“అంటవు. నీ మొఖం ఇప్పుడు గట్లనే ఉన్నది. బావ, కూసో. గీ డబ్బ మీద కూసో. నన్ను నాలుగు తిట్టు, పడత. గని పొలం అమ్మకు. బయానా వాపస్ ఇయ్యి. ఏమన్న అంటే నేనొచ్చి మాట్లాడుత. స్లాట్ ఏ దినముందో చెప్పు, పోయి క్యాన్సిల్ చేయిస్త.”

“మీ అక్కకు గిదంత ఎరుకేనా?”

“ఎవ్వరికి ఎరుక లేదు. నీకే చెప్పిన. ఇగ దాసేదేమున్నది, గీ ఫ్యాన్లు బంద్ చేస్త.”

“ఆగు. స్విచ్చు ముట్టకు.”

“ఎందుకు?”

“స్లాట్ శుక్రారం ఉండె. తహసీల్ ఆఫీసుకు పోయి వేలిముద్రలు వేసొచ్చిన.”

“అయిపోయిందా?”

“అయిపోయింది. గటుకెల్లి గటే షాద్‌నగర్ పోయి మిషన్లకు గూడ పైసలు కట్టిన.”

“బావ...”

“పొలం అమ్మిన ముచ్చట మీ అక్కకు ఇంకా చెప్పలే. పొద్దుగాల కొట్టం దిక్కు చెయ్యి చూపెట్టి, జర వినవే, మనది గూడ గట్లనే మోగుతది అన్న. ఆమె సంబురంగ నవ్వింది. ఫ్యాన్లు నడవనియ్యి గిరి.”